నేను మొక్కని మొక్కు

మా వైపు గర్భసంచి తీయించుకోవడం కొత్త సంగతేమీ కాదు. భవానీపురంలో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా ఆ ఆపరేషన్ అయిన ఆడమనిషో, ఆవిడ అక్కో, అత్తగారో ఉంటారు. దాని గురించి మాట్లాడుకోవడానికి ఎవరికీ మొహమాటం లేదు. లిఫ్టు కోసం నిలబడినప్పుడు కూడా "మీకు కోసి తీశారా, కోయకుండా తీశారా" అని అడుగుతారు. అందుకే నాకు క్యాన్సర్ అని తేలినప్పుడు దాన్ని దాచడానికి మేం పెద్దగా బుర్ర పాడుచేసుకోలేదు. గర్భసంచి ఆపరేషన్ అన్నాం. అందరూ నమ్మారు. నమ్మడానికేముంది, అది నిజమే. గర్భసంచి తీశారు. దాంతోపాటు అండాశయాలు తీశారు, పొత్తికడుపులో లింఫు గ్రంథులు తీశారు, ఆ తర్వాత ఆరు విడతలు కీమో ఇచ్చారు. ఆ మిగతాది చెప్పలేదు, అంతే.

దాచమన్నది మా ఆయన కాదు, నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్ళు వెంటనే ఆయన్ను అనుమానిస్తారు. ఆయన తప్పులు ఆయనకున్నాయి, ఇది మాత్రం నాది. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఏటా పదో తరగతికి బోర్డు మీద స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ వేసి, వెనక బెంచీల నవ్వులు ఆగేదాకా చాక్‌పీసు పట్టుకుని నిలబడే మనిషిని. అయినా స్టాఫ్ రూములో నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించకూడదని అనుకున్నాను. ఆ తగ్గించిన గొంతు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళ కిందట మా స్కూల్లో ఒకావిడకు రొమ్ము క్యాన్సర్ వస్తే ఆ గొంతుతో మాట్లాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆవిడ తన బాక్సులోంచి దొండకాయ కూర వడ్డించబోతే, తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. అది అంటుకునే జబ్బు కాదని పిల్లలకు చెప్పే టీచర్ని. ఆ క్షణం ఆవిడ నా ముఖంలో చూసే ఉంటుంది.

ఇక మా అమ్మాయి సంగతి. అప్పుడే బెంగుళూరులో ఉద్యోగంలో చేరింది. తల్లికి వచ్చిందంటే పిల్లకూ వస్తుందేమో అని నలుగురూ దాని వంక చూడటం నాకు ఇష్టం లేదు. దానికి నిజం మా ఆయన చెప్పారు, ఎవరితోనూ అనొద్దని నేను చెప్పాను. ఇంకెవరికీ తెలియదు. మా కింది ఫ్లాటావిడకు కూడా తెలియదు. ఇది రాస్తున్నది ఆవిడ గురించే.

ఆవిడ జాకెట్లు కుట్టేది. హాల్లో ఒక మూల మిషను, పక్కన బల్ల మీద కత్తెర, గోడకు కొక్కేలు, వాటికి కవర్లలో గుడ్డలు. వాళ్ళాయనకు వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో పని, పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాక గానీ రాడు. కూతుర్ని గుడివాడ ఇచ్చారు. నాకంటే రెండేళ్ళు పెద్దదైనా ఆవిడ నన్ను టీచర్ గారూ అనేది, నేను ఆవిడను మీరు అనేదాన్ని. పదేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆవిడ కుట్టినవే. నా భుజాలు ఎంత, నా చేతులు ఎంత అన్నది నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఇప్పుడు ఆవిడ లేదు.

మొదటి కీమో అయిన రెండు వారాలకు నా జుట్టు ఊడిరావడం మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులుగా వచ్చేది. దిండు మీద, పప్పు గిన్నెలో, వీపున జాకెట్‌కు అంటుకుని, ఎక్కడ చూసినా అదే. నా జడ నడుము దాటి ఉండేది. పుట్టింట్లో అమ్మ కుంకుడుకాయ రసంతో రుద్ది పెంచిన జడ. ఒక ఆదివారం పొద్దున మా ఆయన కాఫీ తెచ్చిచ్చి, నా భుజం మీది వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరుతూ, "మొక్కని చెప్దామే" అన్నారు.

"ఏం మొక్కు?"

"అమ్మాయికి ఉద్యోగం వస్తే తలనీలాలిస్తానని అమ్మవారికి మొక్కుకున్నావు. వచ్చింది, ఇచ్చావు. ఇంకెవరడుగుతారు?"

ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు నడిపిన మనిషి. ఏ కాగితానికి ఏ కాగితం జత చేస్తే పైవాళ్ళు ప్రశ్న వేయరో ఆయనకు తెలుసు. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. ఆపరేషన్ తర్వాత మేమిద్దరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. బాత్‌రూములో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డానికి వాడే తన ట్రిమ్మర్‌తో తీశారు. చెవి వెనక రెండుచోట్ల గీసుకుంది. తీసిన జుట్టంతా ఒక నల్ల కవర్లో వేసి మూటకట్టారు. తర్వాత గంధం అరగదీసి గుండు నిండా పట్టించారు, చూసేవాళ్ళకు కొండ దగ్గర్నుంచి వచ్చినట్టే ఉండాలని. అంత చేశాక కొండకు వెళ్ళకపోతే ఎలా అని ఆటో కూడా పిలిచారు.

నేను పైకి వెళ్ళలేదు. రక్తంలో తెల్ల కణాలు తగ్గాయి, జనంలోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పిన మాట నిజమే. కానీ అసలు కారణం అది కాదు. ఆ దొంగ గంధంతో అమ్మవారి ముందు నిలబడటానికి నాకు ముఖం చెల్లలేదు. కొండ కింద ఆటోలోనే కూర్చున్నాను. దారిన పోయే ఇద్దరు ముగ్గురు నా గుండు చూసి చేతులు జోడించారు. ఆయన ఒక్కరే పైకెళ్ళి లడ్లూ పులిహోరా తెచ్చారు. సాయంత్రానికి అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ పంచాం. నల్ల కవరు మర్నాడు పొద్దున చెత్తబండిలో పోయింది.

కింది ఫ్లాటావిడ ప్రసాదం కళ్ళకద్దుకుని, నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "ఎంత జడండీ టీచర్ గారూ. మనసెట్లా వచ్చిందండీ ఇవ్వడానికి? నేనైతే మూడు కత్తెర్లిచ్చి వచ్చేసేదాన్ని" అంది. తర్వాత నా ముఖం చూసి, బాధపడ్డాననుకుందేమో, "అమ్మవారు ఊరికే ఉంచుకోదులెండి. ఒత్తుగా వచ్చుద్ది చూడండి" అంది. మర్నాడు మెత్తటి లైనింగ్ గుడ్డతో ఒక టోపీ కుట్టి తెచ్చింది. "గుండుకు ఫ్యాను గాలి కూడా చల్లగా తగులుద్దండీ, పడుకునేప్పుడు పెట్టుకోండి" అంది. కుట్టు తలకు గుచ్చుకోకుండా లోపలి అంచులన్నీ మడిచి చేత్తో కుట్టింది. మిగతా కీమోలన్నిటికీ నేను ఆ టోపీ పెట్టుకునే వెళ్ళాను.

అబద్ధం బాగా పనిచేసింది. మరీ బాగా పనిచేసింది. పదే పదే ఆస్పత్రికి ఎందుకు వెళ్తున్నారంటే రక్తం పట్టలేదని చెప్పాం. వాంతులంటే మందులు పడలేదన్నాం. చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళు కుర్చీలో వెనక్కి వాలి, "నేను ఇరవయ్యో రోజుకి ఆవకాయ కలిపానండీ" అనేవాళ్ళు. "మీరు మరీ సుకుమారం చేసుకుంటున్నారు" అని మేలమాడేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. వాళ్ళు వెళ్ళాక వంటింట్లో కుక్కర్ మూత పట్టుకుని ఏడ్చేదాన్ని. మూత రబ్బరు సరిగ్గా కూర్చోలేదని ఏడ్చిన రోజులున్నాయి. జబ్బు పేరు దాచినప్పుడు ఏడుపుకు కారణం కూడా దాచేశానని నాకు అప్పుడు తెలియలేదు. అందరికీ అయిన ఆపరేషనే నాకూ అయింది, అందరూ లేచి తిరుగుతున్నారు, నాకేమొచ్చింది అనేవాళ్ళతో అవునని తలూపేదాన్ని.

జూన్‌లో స్కూలుకు వెళ్ళాను. పాఠం మధ్యలో ఒంట్లోంచి ఆవిర్లు లేచేవి, చీర వీపుకు అంటుకుపోయేది, కాసేపటికి చలి. గ్రంథులు తీసిన వైపు కాలు సాయంత్రానికి వాచి, చెప్పు పట్టేది కాదు. పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిన రోజు బోర్డు మీద బొమ్మ అలవాటుగా వేసేశాను. గర్భాశయం, అటొకటి ఇటొకటి అండాశయాలు, నాళాలు. భాగాల పేర్లు రాయబోయి ఆగిపోయాను. నాలో ఇవేవీ లేవు అన్న మాట తప్ప బుర్రలోకి ఇంకేమీ రాలేదు. ముందు బెంచీలోని అమ్మాయి "పేర్లు రాయలేదు టీచర్" అంది. మీరే రాసుకోండి, పుస్తకంలో ఉన్నాయి అని చెప్పి కూర్చున్నాను.

మా ఆయన మంచివారే. ఆపరేషన్ రోజుల్లో నాకు నిద్ర చెడకూడదని హాల్లో దివాన్ మీద పడుకోవడం మొదలుపెట్టారు. కుట్లు మానాయి. కీమో అయిపోయింది. ఆయన దుప్పటి, ఆయన ఫోను చార్జరు, ఆయన మంచినీళ్ళ సీసా హాల్లోనే ఉండిపోయాయి. నాకు బొప్పాయి కోసి పెడతారు, మందులు డబ్బాలో రోజువారీగా సర్దుతారు, వేణ్ణీళ్ళు తోడుతారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టు చూసుకుంటారు. ఒక మధ్యాహ్నం ఆయన పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని ఆయన చేతి మీద చెయ్యి వేశాను. ఆయన వెంటనే పేపరు కింద పెట్టి, "ఎక్కడ నొప్పి?" అన్నారు. ఏం లేదని లేచి వచ్చేశాను. తర్వాత అలా చెయ్యి వేయలేదు.

మూడు నెలలకోసారి పరీక్షలకు వెళ్ళాలి. ఒకసారి స్కాన్ బాగుందని చెప్పాక, ఒక నర్సమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళ మనసు ఎలా ఉందో అడిగి రాసుకోవాలట. ఇన్నాళ్ళకు ఎవరో అడుగుతున్నారు. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో అని చూస్తున్నాను.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"పడుతోందండీ" అన్నారు పక్కన కూర్చున్న మా ఆయన.

"ఏడుపు గానీ దిగులు గానీ ఉంటోందా?"

"అట్లాంటివేం లేవండీ. ధైర్యం మనిషి."

"దాంపత్య జీవితం?" అని అడిగి నర్సమ్మ కాగితం వంకే చూస్తూ ఉండిపోయింది. మా ఆయన గోడ మీద గడియారం చూశారు. ఆ ఒక్క ప్రశ్న నాకు వదిలేశారు. బాగానే ఉందని చెప్పాను. నర్సమ్మ మూడింటికీ టిక్కులు పెట్టుకుని, సంతకం చేయించుకుని వెళ్ళింది.

ఆషాఢం చివర్లో, స్కూలు నుంచి వస్తూ రెండు జాకెట్ గుడ్డలు పట్టుకుని కింది ఫ్లాటుకు వెళ్ళాను. పాత కొలతలకు కుట్టినవేవీ నాకు ఆగడం లేదు. ఆవిడ టేపు చుట్టి, "ఛాతీ రెండంగుళాలు పోయిందండీ. గర్భసంచి తీస్తే లావెక్కుతారంటారు, మీరేంటండీ ఇట్లా అయ్యారు" అంది. నా తల మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పటికి రెండు వేళ్ళ మందం జుట్టు వచ్చింది, అదీ ఉంగరాలు తిరిగి. నా జుట్టు పుట్టినప్పటి నుంచీ సాపుగా ఉండేది. కీమో తర్వాత కొందరికి అలా వస్తుందట. "అమ్మవారు ఉంగరాల జుట్టిచ్చింది" అని ఆవిడ మురిసిపోయింది. కొలతలన్నీ రాసుకుని, టేపు మెడలో వేసుకుని, గొంతు తగ్గించింది.

"మీరు సైన్సు టీచర్ కదా, ఒకటడుగుతాను, నవ్వమాకండి. నాకు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. ఈమధ్య మళ్ళీ కాస్త కనపడుతోందండీ. మూడు నాలుగు సార్లయింది."

నాకు ఆగిపోయి ఏడాది దాటాక ఒక పొద్దున మా బాత్‌రూములో నేను చూసింది అదే. "నాకూ అలాగే మొదలైంది" అన్నాను. నోరు జారిందంటే అదే జారడం. ఎవరికీ చెప్పని ముక్క అది. అడిగినవాళ్ళందరికీ నెలనెలా ఎక్కువయ్యేది, అందుకే తీయించానని చెప్పి ఉన్నాను.

"మీకూ ఇట్లానేనా?" అంది ఆవిడ. ఆవిడ ముఖం ఎంత తేలికపడిందంటే, ఆ తేలికపడటం చూసి నాకు భయం వేసింది. అక్కడ ఆగి, నాకు వచ్చింది క్యాన్సర్, మీరు రేపే వెళ్ళండి అనాలి. రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలూ అంటే ఆవిడ చేతిలో టేపు ఆగిపోతుంది, ఆ కళ్ళు మారిపోతాయి, ఆ టోపీ, ఆ ప్రసాదం, ఆ గంధం అన్నీ ఆవిడకు గుర్తొస్తాయి. నాకు ఆ క్షణంలో కనపడింది ఆవిడ ఒళ్ళు కాదు, నా పరువు.

"గడ్డలుంటే అలాగే అవుతుందండీ, మామూలే" అన్నాను. "వీలు చూసుకుని ఒకసారి చూపించుకోండి. మరీ అయితే గర్భసంచి తీసేస్తారు, అంతే."

"హమ్మయ్య. వారం నుంచి ఒకటే దడగా ఉందండీ. మీ నోట విన్నాక కుదుటపడింది" అని ఆవిడ కొక్కేల వైపు చూపించింది. శ్రావణ మాసం జాకెట్లు. వరలక్ష్మీ వ్రతానికి అందరికీ కావాలి. "ఇవన్నీ ఇచ్చేసి, దసరా కూడా వెళ్ళాక చూపించుకుంటాను. ఎట్లాగూ తీసేసేదే కదా."

మర్నాడు చెప్పాలనే మెట్లు దిగాను. వాళ్ళ తలుపు దాకా వెళ్ళాను. లోపల మిషను చప్పుడు. పనిలో ఉంది, సాయంత్రం వద్దాంలే అనుకుని పైకి వచ్చేశాను. సాయంత్రం కాలు వాచింది. ఆ తర్వాత వారం పరీక్ష పేపర్లు. చెప్పకుండా ఉండటానికి రోజుకో కారణం దొరికేది. లిఫ్టులో కనిపించినప్పుడు "చూపించుకున్నారా" అని రెండుసార్లు అడిగాను. "ఇంకా లేదండీ, మీరే అన్నారుగా కంగారేం లేదని" అని నవ్వేది. త్వరగా చూపించుకుంటే మంచిది అన్నాను. ఆ మాట జలుబు చేసినవాళ్ళకు కూడా అంటాం.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆవిడ మెట్లెక్కి మా ఇంటికి వచ్చింది. ఒక్క అంతస్తు ఎక్కినదానికే ఆయాసపడుతోంది. చేతిలో ఆస్పత్రి ఫైలు. కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, ఫైలు నా ఒళ్ళో పెట్టింది. "ఇంగ్లీషులో ఉందండీ. మా ఆయన గడ్డలేనంటున్నాడు. ఆయన ముఖం చూస్తే అట్లా లేదు. మీరు చదివి ఉన్నదున్నట్టు చెప్పండి."

చదవాల్సిన పని లేదు. నా ఫైల్లో ఉన్న మాటలే అవి. నాకు లేనివి కొన్ని ఉన్నాయి. ఊపిరితిత్తుల్లోకి పాకింది, ఆపరేషన్ చేసే దశ దాటింది, ముందు కీమో ఇచ్చి చూడాలి అని ఉంది. ఆవిడ నా పెదాల వంకే చూస్తోంది.

"క్యాన్సరండీ" అన్నాను. ఆ మాట నా నోటితో నేను పైకి అన్నది అదే మొదటిసారి. ఆవిడ గురించైతే అనగలిగాను.

ఆవిడ ఏడవలేదు. నా ఒళ్ళోంచి ఫైలు తీసుకుంది. "మీకూ ఇట్లానే మొదలైందన్నారు కదా. మీది మామూలుదైంది. అదృష్టవంతులండీ" అంది. అందులో వెటకారం లేదు, అసూయ కూడా లేదు. నాకు రానందుకు ఆవిడ నిజంగానే సంతోషపడింది. "నాదే తప్పులెండి, జాకెట్లు జాకెట్లని కూర్చున్నా. ముందే వెళ్ళాల్సింది" అని తనను తాను తిట్టుకుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మంచినీళ్ళు తెస్తాను అని లేచాను.

వారం తిరిగేలోపు మళ్ళీ కబురు చేసింది, వచ్చే సోమవారం మొదటి కీమో అని. వెళ్ళేసరికి జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. ఆవిడ జుట్టు నా అంత పొడవు కాదు గానీ, ఒక్క తెల్ల వెంట్రుక లేదు. "రాలిపోద్దని డాక్టరు చెప్పాడండీ. రాలిపోయేదాకా ఎందుకు, మీలాగా అమ్మవారికే ఇస్తాను. మీ మొక్కు ఆవిడ తీర్చింది కదా, మీ జుట్టు మీకు తిరిగిచ్చింది కదా. నాకూ తిరిగొస్తే చాలు. తోడు రండి" అంది. మూడు కత్తెర్లు చాలవా అండీ అన్నాను, ఇంకేమనాలో తెలియక. "చాలవండీ. ఇచ్చేది పూర్తిగా ఇయ్యాలి, మీరిచ్చినట్టు" అంది.

ఆవిడ ఆ తర్వాత నాలుగు నెలలే ఉంది. ఎండలు ముదరకముందే పోయింది. ఆ నాలుగు నెలల్లో నేను ఎన్నిసార్లు కిందికి వెళ్ళానో, ఎన్ని గిన్నెల జావ పట్టుకెళ్ళానో లెక్క లేదు. ఆవిడ కుట్టిచ్చిన టోపీని ఉతికి ఆవిడకే ఇచ్చాను, ఆవిడ దాన్నే పెట్టుకుంది. ఎంత మంచి స్నేహితురాలండీ అని అపార్ట్‌మెంట్‌లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆవిడ కూతురు నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. వద్దమ్మా అని వెనక్కి జరిగాను, వినలేదు. ఇప్పుడు మూడు నెలల పరీక్షకు వెళ్ళి స్కాన్ బాగుందని విన్నప్పుడల్లా నాకు సంతోషం రావడం లేదు. బాగుండటం నాకు దక్కాల్సింది కాదన్నట్టుగా ఇంటికి వస్తాను. మా ఆయనకు ఇవేవీ తెలియవు. ఆయన నా మందుల డబ్బా సర్దుతూనే ఉన్నారు.

కానీ కళ్ళు మూసుకుంటే నాకు కనపడేది ఆవిడ పోయిన రోజు కాదు. కొండ దగ్గరికి వెళ్ళిన బుధవారం.

పొద్దున ఎనిమిదింటికి ఆటోలో కుమ్మరిపాలెం సెంటరు మీదుగా వెళ్ళాం. తలనీలాలు తీసే హాలు ఎటువైపో నాకు తెలియదు. కిందటిసారి నేను ఆటో దిగనే లేదు కదా. జనం ఎక్కువగా ఉన్నారు, అన్నీ మార్చేశారు, గుర్తు రావడం లేదు అన్నాను. ఆవిడే దారి అడుగుతూ, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ ముందు నడిచింది. హాల్లోకి వెళ్తే నేలంతా తడి. వరసగా కూర్చున్న మగవాళ్ళు, ఆడవాళ్ళు, ఏడుస్తున్న చంటిపిల్లలు. ఒకరి తల అయ్యాక ఇంకొకరు కూర్చుంటున్నారు. ఒక మూల ఇద్దరు ఆడవాళ్ళు లేచి వెళ్ళారు, కిటికీ దగ్గర ఇంకొక చోటు ఖాళీ అయింది. ఆవిడ టికెట్ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. భయపడుతోందేమో అనుకుని భుజం మీద చెయ్యి వేశాను.

"మీరెక్కడ కూర్చున్నారండీ ఆ రోజు?" అంది.

నేను అర్థం కానట్టు చూశాను.

"మీరిచ్చిన చోటే నేనూ ఇస్తానండీ. మీకు కలిసొచ్చిన చోటు కదా."

అప్పుడైనా చెప్పొచ్చు. నేనెక్కడా కూర్చోలేదు, నా జుట్టు మా బాత్‌రూములో రాలింది, చెత్తబండిలో పోయింది, మీకొచ్చిందే నాకూ వచ్చింది, నాకు తెలిసి కూడా మీకు చెప్పలేదు. ఆవిడకు మిగిలింది ఆ ఒక్క నమ్మకమే, దాన్ని కూడా తీసేయడం ఎందుకని చెప్పలేదని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆషాఢంలో ఎందుకు చెప్పలేదో అక్కడా అందుకే చెప్పలేదు.

హాలంతా ఒకసారి చూశాను. చెయ్యెత్తి కిటికీ దగ్గరి చోటు చూపించాను. "అక్కడ" అన్నాను.

"ఆ కిటికీ దగ్గరేనా?"

"ఆఁ. అక్కడే."

ఆవిడ తల క్లిప్పు, కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టింది. తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్ళి, నేను చూపించిన చోట కూర్చుని, కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. వాళ్ళు తల మీద నీళ్ళు పోశారు. కళ్ళజోడు లేకపోవడంతో నేనెక్కడున్నానో కాసేపు వెతుక్కుంది. కనపడ్డాక నా వైపు చూసి నవ్వి, తల వంచింది.